ఎర్ర కాగితం మీద డౌటు

డిగ్రీ రెండో సంవత్సరం వృక్షశాస్త్రం పేపర్లో నేను తప్పింది ఒక్క మాట వల్ల. ‘విపుంసీకరణ పద్ధతిని వివరించుము’ అని వచ్చింది ప్రశ్న. దానికే మార్కులెక్కువ. ఆ మాటను నోట్లో అటూ ఇటూ తిప్పి చూశాను, ఏ రుచీ తగల్లేదు. అదేదో చివరి పాఠంలోని రోగం పేరేమో అనుకుని వదిలేసి, రానివాటికి రాగాలు తీస్తూ కూర్చున్నాను. బయటికి వచ్చి పుస్తకం తిరగేస్తే, పువ్వు విచ్చకముందే దాని కేసరాలు తీసేయడమే విపుంసీకరణ అని ఉంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అది మా మొగ్గ గిల్లుడు. ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చేస్తున్న పని.

మాది మల్దకల్ దగ్గర ఊరు. మా దిక్కు పత్తి వేసేది దూది కోసం కాదు, విత్తనం కోసం. రెండు రకాల పత్తిని పక్కపక్క సాళ్లలో పెడతారు. ఒకటి ఆడ సాలు, ఒకటి మగ సాలు. నిజానికి ప్రతి పువ్వులోనూ ఆడా మగా రెండూ ఉంటాయి. మధ్యాహ్నం దాటాక, మర్నాడు విచ్చబోయే మొగ్గను పట్టుకుని బొటనవేలి గోటితో లోపలి కేసరాలన్నీ ఒలిచేస్తేనే అది ఆడదవుతుంది. దాని మీద ఎర్ర కాగితం టోపీలా పెడతారు. పొద్దున ఆ కాగితం తీసి, మగ సాలు పువ్వు తెచ్చి రుద్దుతారు. ఆ రుద్దడాన్ని క్రాసింగ్ అంటారు. మా ఊళ్లో ఎవరింట్లో ఏ ఆడపిల్లను లేపి అడిగినా ఇదంతా చెబుతుంది. విపుంసీకరణ అంటే మాత్రం మొహం చూస్తుంది, నేను చూసినట్టే.

ఒక్క పేపరు పోయినా కాలేజీలో మూడో సంవత్సరం కూర్చోనిస్తారు. నాయిన దగ్గర మాత్రం అలా నడవలేదు. ఆయన తిట్టలేదు. తిడితే నేనూ ఓ మాట అనేదాన్ని, అక్కడితో తీరిపోయేది. చేనుగట్టు మీద కూర్చుని బీడీ ఆర్పేసి, నెమ్మదిగా చెప్పాడు.

“దసరా అయినంక ఇంకోసారి రాస్తవు గద. గప్పుడు గూడ పోతే సదువు బందు వెట్టు బిడ్డా. వచ్చే యేడు నీకో సాలు ఇస్త, క్రాసింగ్ చేసుకుంటుండు.”

అందులో కోపం లేదు. కూలోళ్లు దొరకని కాలం, ఇంట్లో పనొచ్చిన చేతులు ఉన్నాయి, ఆయన లెక్క ఆయనది. నా లెక్కేమో ఎమ్మెస్సీ దాకా పోవాలని. ఎందుకని అడిగితే గట్టి కారణం లేదు. చిన్నప్పటి నుంచీ నాకు ‘ఎందుకు’ అనే జబ్బు ఉంది, దానికి మందు అక్కడెక్కడో ఉంటుందని నమ్మకం, అంతే. అమ్మ నన్ను ప్రశ్నల పుట్ట అనేది.

వనపర్తి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయిది ఖిల్లా ఘణపూర్. కంప్యూటర్లు చదివేది, ఇంగ్లిషు మీడియం. గడగడా మాట్లాడేది, అన్నింటికీ నెట్టులో జవాబు ఉంటుందనేది. పాఠం మళ్లీ మళ్లీ చదివి తల పట్టుకున్న నన్ను ఒకరోజు చేయి పట్టి లాక్కుపోయింది. బస్టాండు వెనక సందులో, జిరాక్సు దుకాణం మీది అంతస్తులో నెట్ సెంటర్. చెక్క పలకలతో అడ్డం కట్టిన చిన్న చిన్న గదులు, వాటికి పూల తెరలు. ఆడపిల్లలం ఒంటరిగా పోయేవాళ్లం కాదు, ఇద్దరం ఒకే కుర్చీ మీద సర్దుకుని కూర్చునేవాళ్లం. దాన్ని నడిపే అన్న మమ్మల్ని తెర తీసి ఉంచమని చెప్పి, తన పని తాను చూసుకునేవాడు. కరెంటు పోతే ఎక్కడిదక్కడ ఆగేది. వచ్చాక మళ్లీ మొదటి నుంచి.

అప్పట్లో తెలుగులో వెతికే పద్ధతి మాకు తెలియదు. విపుంసీకరణకు ఇంగ్లిషు మాట నిఘంటువులో పట్టుకున్నాం. ఎమాస్కులేషన్. నా స్నేహితురాలు గర్వంగా కొట్టింది. వచ్చిన పేజీల్లో ఒక్క పువ్వు లేదు. రాజుల కాలంలో అంతఃపురాలకు కాపలా పెట్టే మనుషుల సంగతులు వచ్చాయి, బొమ్మలతో సహా. ఇద్దరం ఒకేసారి మౌసు కోసం కొట్టుకున్నాం. అన్న అటు నుంచి ఏమైందని అడిగాడు. ఏం లేదన్నా, బోటనీ అన్నాను. ఆయన నమ్మినట్టు లేడు. మాట పక్కన కాటన్ అని చేర్చాక గానీ మా పత్తి చేను తెర మీదికి రాలేదు.

అలా వెతుకుతుంటే దొరికింది ఆ సైటు. ఎక్కడిదో, ఏ దేశానిదో ఇప్పటికీ తెలియదు. కాలేజీల్లో చదివేవాళ్లు తమ పాఠంలో అర్థం కానిది రాస్తే, తెలిసినవాళ్లు ఎవరో కొన్నాళ్లలో జవాబు రాస్తారట. ఊరికే. నాకు అది మింగుడుపడలేదు. ముక్కూ మొహం తెలియని పిల్లకు, పిలిస్తే రానంత దూరంలో ఉన్నవాళ్లు ఎందుకు చెప్పాలి? మా క్లాసులో ఎదురుగా ఉన్న సారును అడిగితేనే, పుస్తకంలో ఉన్నది బట్టీ పట్టి రాయి, అక్కరకురానివి అడగకు అన్నారు. సరే, పోయేదేముందని రాశాం. పుస్తకంలో, కేసరాలు తీశాక పువ్వుకు సంచి కట్టాలి, పరాయి పుప్పొడి పడకుండా అని ఉంది. మా చేలో కాగితం పెట్టేది పొద్దున మొగ్గ కనబడటానికి అంటారు. ఇదంతా ఇంగ్లిషులో పెట్టడం మా ఇద్దరి వల్లా కాలేదు. చివరికి ఉత్తరంలో మిగిలింది ఇంతే: గౌరవనీయులైన సార్ గారికి, సంచి కట్టడం మీద ఐ హ్యావ్ ఎ డౌట్, దయచేసి నా డౌటు తీర్చగలరు.

నాలుగు రోజుల తర్వాత జవాబు వచ్చింది. రెండే ముక్కలు. ఎందుకు నమ్మడం లేదు? మీరేం చూశారు?

నేనేదో అడిగితే ఈయన పోలీసుస్టేషన్లో కూర్చోబెట్టినట్టు అడుగుతున్నాడు. నా స్నేహితురాలు పెదవి కొరుక్కుంది.

“సారుకు కోపమొచ్చినట్టుందే. అనుమానపడ్డవ్ అనుకుంటుండు. సారీ అని కొట్టు జల్ది.”

కొట్టాం. మిమ్మల్ని అనుమానించలేదు సార్, పుస్తకాన్నీ అనుమానించలేదు, ఓన్లీ డౌట్ సార్ అని. ఆ వాక్యం తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మాకు డౌటు అంటే తెలియనిది అడగడం. క్లాసులో లేచి ‘డౌట్ సార్’ అంటే, నాకు బుర్రకెక్కలేదు, మళ్లీ చెప్పండి అని. ఆ మాటకు నమ్మకపోవడం అనే అర్థం ఒకటుందనీ, ఆ అవతలి మనిషి దాన్నే పట్టుకున్నారనీ మాకు తట్టలేదు.

రెండో జవాబు కాస్త పెద్దది. నిఘంటువు పెట్టుకుని ఇద్దరం కూడబలుక్కుని చదివాం. క్షమాపణ దేనికి, నమ్మకపోవడం తప్పు కాదు, పుస్తకాలు రాసినవాళ్లు కూడా నమ్మనివాళ్లే. మీరు పత్తి పండించే చోట ఉన్నారా? అయితే మీకు పుస్తకానికి విరుద్ధంగా ఏదో కనబడి ఉంటుంది. అదేమిటో చెప్పండి, నాకు తెలుసుకోవాలని ఉంది. కింద పేరు లేదు, రెండు అక్షరాలున్నాయి. సారో మేడమో కూడా తెలియదు.

పాఠం గురించి నేనేం చూశానని అంతవరకు ఎవరూ అడగలేదు. ఏం గుర్తుందని అడిగారు, అంతే. నాకు సంతోషం వేసింది, దాంతోపాటు కొంచెం మంట కూడా పుట్టింది. ఇన్నేళ్లు ఆ మొగ్గల మధ్య తిరిగి నేను చూసిందేమిటి? అప్పుడు ఒకటి గుర్తొచ్చింది. కాగితాలు అయిపోయిన రోజుల్లో మొగ్గల్ని ఉత్తగానే వదిలేసి, పొద్దున వెతుక్కుని రుద్దేవాళ్లం. వాటికీ కాయలు పట్టేవి. మరి కాగితం కంటికా, పుప్పొడికా? అదే రాశాం, స్నేహితురాలి ఇంగ్లిషులో, నా పత్తితో. దానికి జవాబు ఒకే వాక్యం. తెలుసుకోవాలంటే మీరేం చేస్తారు?

శనివారం గద్వాల దాకా పోయి మల్దకల్ బస్సెక్కాను. గుడికి పోయేవాళ్లతో ఆ బస్సులో ఆ రోజు కాలు మోపే సందుండదు. నిలబడి, ఏం చేయాలో దారి పొడవునా ఆలోచించాను. కొన్ని మొగ్గల్ని గిల్లి కాగితం పెట్టి, మగ పువ్వు రుద్దకుండా వదిలేయాలి. కొన్నింటిని గిల్లి కాగితం లేకుండా, రుద్దకుండా వదిలేయాలి. కాగితం లేనివాటికి కాయ పడితే, తేనెటీగో మరొకటో పరాయి పుప్పొడి తెచ్చినట్టు. ఇంత సులువైనది మా ఊళ్లో ఎవరూ ఎందుకు చేసి చూడలేదు? చేయరు, మొగ్గ అంటే మాకు విత్తనం. విత్తనంలో కల్తీ వస్తే, కంపెనీ తరఫున మా దగ్గర కొనే ఆర్గనైజరు సంచులకు సంచులే పక్కన పెడతాడు. మొగ్గలు పాడుచేస్తానని నాయినను అడగడానికి నాకు నోరు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం దాటాక కూడా అందరితో పాటు గిల్లుతూనే ఉన్నాను. చివరికి అడిగేశాను. పరీక్షకా అన్నాడు. అబద్ధం చెప్పాలనిపించలేదు. పరీక్షకు కాదు, నాకే తెలుసుకోవాలని ఉందన్నాను. నాయిన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

“గా సాలు చివర్ల చెట్టు నీది. దాని కాయ ఒక్కటి గూడ మన సంచిలకు రావొద్దు.”

ఆ చెట్టుకు నా పాత ఓణీ పీలిక కట్టాను. వారం వారం వచ్చి చూశాను. నేను లేనప్పుడు అమ్మను చూడమన్నాను. అమ్మ మొదట విసుక్కుని, తర్వాత నాకంటే ముందు ఆమే చెప్పడం మొదలుపెట్టింది. కాగితం కింద ఉన్నవి ఎండి రాలిపోయాయి. కాగితం లేనివి కూడా ఎక్కువ రాలాయి, కానీ కొన్ని మిగిలాయి. మిగిలినవాటికి గోలీలంత కాయలు. ఎవరూ రుద్దని పువ్వుకు కాయ. వాటి పక్కన కూర్చుని, ఇది ఏ చెట్టు పుప్పొడో, ఎవరి చేలోనుంచి ఏ ఈగ మోసుకొచ్చిందో అనుకుంటూ చుట్టూ చేలన్నీ చూశాను. పుస్తకం చెప్పింది నిజమే. మా ఊరు చెప్పిందీ నిజమే. కాగితం రెండు పనులూ చేస్తోంది, మేం ఒకదానికే పేరు పెట్టుకున్నాం. నాయిన కాయల్ని తెంపేసి, ఇక నుంచి కాగితాలు అయిపోనీయొద్దని అమ్మతో అన్నాడు.

దసరా పోయాక పరీక్ష. విపుంసీకరణ వస్తుందని కలలు కన్నాను, రాలేదు. మెండెల్ సూత్రాలు వచ్చాయి. చిన్న ప్రశ్నల్లో మాత్రం సంకరణంలో, అంటే మా క్రాసింగ్‌లో, సంచి కట్టడం ఎందుకని అడిగారు. దానికి ఒక పేజీ నింపాను, ఎర్ర కాగితం, రాలిన మొగ్గలు, గోలీ కాయలు అన్నీ. హాస్టలుకు వచ్చి చెబితే నా స్నేహితురాలు నెత్తి కొట్టుకుంది. అడిగింది ఇంత, రాసింది అంత, ఆ దిద్దే సారుకు మల్దకల్ పత్తితో ఏం పని అంది. ఆమె అన్నదీ నిజమే. ఆ పేజీ వల్ల టైము చాలక మెండెల్ రెండో సూత్రం సగంలో ఆపేశాను. దానివల్లే పోతే, నాయిన ఇస్తానన్న సాలు సిద్ధంగా ఉంది.

ఫలితాలు కూడా ఆ నెట్ సెంటర్లోనే చూశాం. హాల్ టికెట్ నంబరు కొట్టాక పేజీ పైనుంచి కిందికి పాకుతూ వచ్చింది. ముందు కాలేజీ పేరు, తర్వాత నా పేరు, అక్కడ ఆగింది. అన్న కూడా తెర పక్కకు వచ్చి నిలబడ్డాడు. పాస్. ఏమంత గొప్పగా కాదు, అంచు మీద గట్టెక్కాను. నా స్నేహితురాలు నా వీపు మీద ఒక్కటి వేసింది. నేను ఏడ్చాను, సిగ్గుపడకుండానే ఏడ్చాను.

కళ్లు తుడుచుకుని సైటు తెరిచాం. మా చెట్టు సంగతి పరీక్షకు ముందే రాసి పంపాను, దానికి జవాబు వచ్చి ఉంది. చాలా బాగుంది, ఇది మీరు చూసింది, ఇక మీకు ఎవరి మాటా అక్కర్లేదు అని మొదలైంది. ఈ మధ్యలో మీవైపు నుంచి ఇంకా చాలామంది రాశారు, డౌట్ అంటే మీరేమనుకుంటారో ఇప్పటికి అర్థమైంది, క్షమించండి అని ఉంది. ఆ కింద, మా పద్ధతిలోనే ఒక వాక్యం: ఐ హ్యావ్ ఎ డౌట్. కాగితం ఎరుపే ఎందుకు? తేనెటీగలకు ఎరుపు సరిగ్గా కనబడదంటారు, అందుకా?

నాకు తెలియదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎర్ర కాగితమే చూశాను, ఎందుకు ఎరుపని ఒక్కనాడు అడగలేదు. ప్రశ్నల పుట్టనని పేరు మాత్రం మోశాను. కిందికి దిగి ఎస్టీడీ డబ్బా నుంచి నాయినకు ఫోను చేశాను. ఆర్గనైజరు పిలుస్తాడని ఆయన కొన్న సెల్లు చేలోనే ఉండేది. ముందు పాస్ సంగతి చెప్పాను. మంచిది బిడ్డా అన్నాడు. వెనక కూలోళ్ల మాటలు వినబడుతున్నాయి. తర్వాత ఆ డౌటు చెప్పాను. కాగితం ఎరుపే ఎందుకు నాయినా?

“తెల్వదు. కంపెనోళ్లు ఇచ్చిండ్రు, పెట్టినం. వచ్చే యేడు ఇంగో రంగు గూడ పెట్టి చూద్దాం. నీకు ఒక్క చెట్టు సరిపోతదా, సాలు ఇయ్యాల్నా?”