టీవీలోకి దిగివచ్చిన రంగూన్

తొంభైల చివర్లో మా మామ వాషర్‌మెన్‌పేట్‌లో నాలుగైదు వీధులకు కేబుల్ కనెక్షన్లు ఇచ్చేవాడు. ఇకమీదట టీవీ, ఇంటర్నెట్ ఒకే తెర మీదికి వచ్చేస్తాయని ఎవరో చెబితే నమ్మి, ఒక ఆదివారం మధ్యాహ్నం తెలిసిన కొట్లో నల్లటి పెట్టె ఒకటి అడిగి తెచ్చాడు. దాన్ని ఒకవైపు ఫోను తీగకు, ఇంకోవైపు మా టీవీకి తగిలించాడు.

మామ వాళ్లమ్మ, మా అవ్వ, చాప మీద ఒరిగి టీవీలో సినిమా కోసం కాచుకుని ఉంది.

"ఏందిరా ఇది, సినిమా రాదా?"

"ఇందులో నువ్వు అడిగింది వస్తాది మా. ఏ ఊరు చూడాల్నో చెప్పు."

అవ్వ నవ్వింది. "రంగూన్ చూపిస్తావా?"

అవ్వ పుట్టింది రంగూన్‌లోనే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో, చిన్నపిల్లగా, వాళ్ల నాన్న చేయి పట్టుకుని అక్కణ్ణుంచి నడిచి వచ్చేసింది. ఆ నడక గురించి ఎవరైనా అడిగితే లేచి వంటింట్లోకి వెళ్లిపోయేది.

మామ ఆ పేరు టైపు చేశాడు. పెట్టె కాసేపు కీచుమంది, గరగరలాడింది. తర్వాత తెర పైఅంచున సన్నటి నీలం గీత కనిపించింది. దాని కింద ఇంకొకటి. బొమ్మ గీత గీతగా కిందికి దిగుతోంది. ఆకాశం. కిటికీకి కట్టిన పాతచీర గాలికి ఉబ్బినప్పుడల్లా గదిలో వెలుగు నీళ్లలా కదిలేది. ఆ నీలంలో ఒక బంగారు మొన తేలింది. అవ్వ లేచి కూర్చుంది. మొన కింద బుద్ధుడి గుడి గోపురం కొద్దికొద్దిగా వెడల్పవుతుంటే మోకాళ్ల మీద టీవీ దాకా జరిగింది.

"దీని కింద మెట్లుంటాయి చూడు. ఆడ పూలమ్ముతారు."

మెల్లగా మెట్లు వచ్చాయి. పూలగంపలూ వచ్చాయి. అవ్వ తెర మీద వేలు ఆనించి ఏదో అంది. అది తెలుగు కాదు, అరవమూ కాదు. వాళ్లమ్మ నోట బర్మా మాట మామ కూడా అంతవరకు వినలేదు.

"ఏమంటివి మా?"

"మల్లెలుండాయా అని అడిగినా."

ఆ సాయంత్రం ఎవరూ సినిమా పెట్టమనలేదు. కొండదారుల గురించి, ఆగని వాన గురించి అవ్వ చెప్పింది. దారిలో జ్వరమొచ్చి పోయిన తమ్ముడి పేరు మొదటిసారి మా ముందు పలికింది. మామ కళ్లు తుడుచుకుంటూ తల్లి పక్కనే చాప మీద కూర్చుండిపోయాడు.

పెట్టె మా వీధుల్లో ఎవరికీ అక్కర్లేకపోయింది. మామ దాన్ని తిరిగి ఇచ్చేశాడు. అవ్వ మాత్రం నాకు జడ వేస్తూ, అన్నాన్ని ఏమంటారో, వానను ఏమంటారో, తమ్ముణ్ణి ఏమని పిలుస్తారో ఒక్కొక్క బర్మా మాటే నేర్పింది.