తొడిమల చెయ్యి

నల్లపాడు శివార్లలో కరీమున్ నోటికి జడవని మగాడు లేడు. మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే పని ఆమెది. చేతుల్లో ఘాటు నాలుక్కి ఎక్కిందని వీధంతా చెప్పుకునేవాళ్ళు. ఎక్కితే ఎక్కింది. ఆమె తిట్టినవాళ్ళలో ఆ తిట్లకు తగనివాణ్ణి ఒక్కణ్ణి చూపించండి చూద్దాం.

ఇంటి ఓనరు బుల్లయ్యనే తీసుకోండి. కరీమున్ వాటాకీ, పక్కన రాఘవమ్మ వాటాకీ మధ్య గోడ ఒకటే. అది బీటలిచ్చి ఒరిగిపోతోందని కరీమున్ వెళ్ళి మొత్తుకుంటే, ఆ పెద్దమనిషి బీటల్లో ఇంత సిమెంటు మెత్తించి, పైన నీలం రంగు వేయించి, అద్దె పెంచాడు. రెండోసారి చెబితే, "నచ్చకపోతే ఖాళీ చెయ్యమ్మా" అన్నాడు.

రాఘవమ్మతో కరీమున్‌కు ఏడాదిగా మాటల్లేవు. కుళాయి దగ్గర బిందె ముందు పెట్టింది ఎవరన్న తగువు అది. ఇద్దరూ ఒకే గోడౌన్లో, ఒకే పట్టా మీద కూర్చుని తొడిమలు తీస్తారు, ఎడమొహం పెడమొహంగా.

ఆ రోజు మధ్యాహ్నం కరీమున్ అన్నానికి ఇంటికొచ్చింది. తొడిమలు తీసే ఆడవాళ్ళకు ఒక కట్టుబాటుంది. చేతులకు నూనె రాసి, రుద్ది కడుక్కునేదాకా కళ్ళు ముట్టుకోరు, పసిపిల్లల్ని ఎత్తుకోరు. నూనె సీసా అందుకోబోతుండగా కాళ్ళ కింద నేల కదిలింది. గిన్నెలు దొర్లాయి. ఆమె వీధిలోకి ఉరికిందో లేదో, నీలం గోడ పైకప్పు దూలాలతో సహా అవతలి వాటాలోకి కూలింది. జ్వరమని పనికి రాని రాఘవమ్మ ఆ గోడ పక్కనే పడుకుని ఉంది.

వీధి నిండా జనం. సగం మంది చేతుల్లో ఫోన్లు. భూకంపం మళ్ళీ వస్తుందట, ఈసారి ఇంకా పెద్దదట అని ఎవడో పంపిన మెసేజీని అందరూ అందరికీ చదివి వినిపిస్తున్నారు.

"మనిషి మట్టి కింద ఉంటే వీడియోలేందిరా, మీ ఫోన్లు తగలెయ్య! రండి, ఇటుకలు తియ్యండి!"

ఫోన్లు జేబుల్లోకి వెళ్ళాయి. జనం వరసగా నిలబడి ఇటుకలు అందుకుంటుండగా ఫైరింజను వచ్చింది. ఫైర్ ఆఫీసరు కోటేష్ దూలాల సందులోకి టార్చి వేసి చూశాడు. రాఘవమ్మ తలా, భుజాలూ కనిపించాయి. కాళ్ళ మీద దూలం పడి ఉంది.

"దూలం లేపేదాకా ఆమె స్పృహ తప్పకూడదు. పేరు పెట్టి పిలుస్తూ ఉండండి" అన్నాడాయన. లోపలికి వెళ్ళొద్దని చెప్పేలోపే కరీమున్ సందులోకి దూరింది.

"ఏమే రాఘవమ్మా! పలకవేందే?"

పలుకు లేదు.

"కుళాయి కాడ అంత లేచుద్దిగా నీ గొంతు! ఇప్పుడేమైందే?"

పలుకు లేదు. కరీమున్‌కు ఏడుపొచ్చింది. ఏడుపొచ్చినందుకు ఇంకా ఒళ్ళు మండింది. ఆ మొహం మీది మట్టిని చూడలేక, కళ్ళ మీద అరచేత్తో తుడిచింది.

రాఘవమ్మ పెట్టిన కేక వీధి చివరిదాకా వినిపించింది.

"తొడిమల చెయ్యి కళ్ళల్లో పెడతావటే! నీ చేతులు పడిపోను!"

"తిట్టవే, తిట్టు! ఆపావంటే ఇంకోసారి తుడుస్తా!"

"ఆపనివ్వకండమ్మా, అలాగే తిట్టించండి!" అని బయటినుంచి కోటేష్ అరిచాడు. ఏడాదిగా దాచుకున్నదంతా ఆ సందులోనే ఇద్దరూ ఒకరి మీద ఒకరు కుమ్మరించుకున్నారు. బిందె సంగతి వచ్చేసరికి దూలం లేచింది.

రాఘవమ్మను స్ట్రెచరు మీదికి చేరుస్తుండగా బుల్లయ్య బండి మీద దిగి, కోటేష్ దగ్గరికి వచ్చాడు.

"దేవుడి పని సార్. గోడ నిక్షేపంగా ఉండేది. బాగాలేదని ఎవరన్నా నాతో ఒక్క మాటంటే ఊరుకుంటానా?"

ఆ వీధిలో ఇంకే గోడా పడలేదు. కరీమున్ నేరుగా వెళ్ళి అతని మొహానికి ఎదురుగా అరచెయ్యి చాపింది.

"మళ్ళీ చెప్పు."

"ముందు చెయ్యి కడుక్కో తల్లీ" అంటూ బుల్లయ్య వెనక్కి జరిగాడు.

"కడుక్కోను. నిజం చెప్పేదాకా కడుక్కోను."

స్ట్రెచరు మీద రాఘవమ్మ వాచిపోయిన కళ్ళు తెరవలేక, గొంతు మాత్రం లేపింది. "పూసెయ్ కరీమూ! నావి మండినంతన్నా మండాలి!"

బుల్లయ్య రెండు చేతులతో కళ్ళు మూసుకున్నాడు. "చెప్పింది సార్... రెండుసార్లు చెప్పింది."

కరీమున్ చెయ్యి దించలేదు. జనం వైపు తిరిగి అరిచింది.

"ఇప్పుడు తియ్యండిరా ఫోన్లు!"