బాలింత గదిలో గీజరు

బిల్డరుకు చెప్పాను. అపార్ట్‌మెంటు కమిటీకి రెండుసార్లు చెప్పాను. ఒక్కరూ చెవిన పెట్టలేదు. అందుకే రాస్తున్నాను.

కిందటేడు రాజమండ్రిలో ఆ కొత్త అపార్ట్‌మెంటుకు స్ప్లిట్ ఏసీలు బిగించింది నేనే. బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్లు చూసి, "ఇవి బాల్కనీలో ఉండాలండి. లోపల మండితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాను. "ఏసీ బిగించడానికొచ్చావా, ఇల్లు కట్టడానికొచ్చావా?" అన్నాడు బిల్డరు. మేస్త్రీలు నవ్వారు. ఎవరెవరు నవ్వారో కూడా గుర్తుంది.

మే నెలలో మూడో అంతస్తు నుంచి ఫోను. ఏసీ గ్యాసు లీకై, పురిటికొచ్చిన అమ్మాయికి కళ్ళు తిరుగుతున్నాయట. వెళ్ళాను. బాలింతకు గాలి తగలకూడదని వాళ్ళమ్మ కిటికీలు మూసి, బాత్‌రూము వెంటిలేటరులో పాతచీరలు కుక్కింది. తలుపు తీసే ఉన్న ఆ బాత్‌రూములో పసివాడి స్నానానికి గీజరు మండుతోంది.

"ఏసీ సంగతి తర్వాతండి. ముందు ఆవిణ్ణి లేవమనండి" అంది అమ్మాయి.

"ఎవర్నమ్మా?"

"ఉయ్యాల పక్కన తడిజుట్టావిడ. పిల్లాణ్ణే చూస్తోంది."

"దిష్టి తీయించామండి, అయినా పోవట్లేదు" అని గొణిగింది తల్లి.

లీకన్నారు కదాని ముందు ఏసీ చూశాను, గ్యాసు సరిగానే ఉంది. స్టూలు మీదుండగా నా కణతలు పోటెత్తాయి. స్క్రూడ్రైవరు జారింది. వంగి చూస్తే ఉయ్యాల పక్కన తడిజుట్టు. నీటిబొట్లు నేలమీద పడుతున్నాయి, చప్పుడు లేదు.

అప్పుడు తట్టింది. స్ప్లిట్ ఏసీ బయటి గాలి తేదు, గదిలో గాలినే తిప్పి చల్లబరుస్తుంది. గీజరు వదిలే కార్బన్ మోనాక్సైడ్ రంగూ వాసనా లేని విషం. దాన్నే ఏసీ మా అందరికీ పంచుతోంది. గీజరు కట్టేసి చీరలు లాగేశాను.

"బాలింతకి గాలి తగుల్తుందయ్యా!"

"తగలాలండి! పిల్లాణ్ణి తీసుకుని బయటికి నడవండి!"

పసివాడిలో కదలిక లేదు. బాల్కనీలో ఎంతసేపటికో ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాక అమ్మాయి కూలబడిపోయింది.

విషగాలి పీలిస్తే లేనివి కూడా కళ్ళకి కనిపిస్తాయన్నారు ఆసుపత్రిలో డాక్టరు. అమ్మాయి చెప్పబట్టే నాకూ కనిపించిందనుకున్నాను. పనిముట్ల కోసం మళ్ళీ వెళితే ఉయ్యాల పక్కన నేల తడిగా ఉంది. ఏసీ నీళ్ళు కావు. డ్రెయిన్ పైపు అవతలి గోడలో ఉంది.

గది చల్లగా ఉందంటే అందులో పీల్చే గాలి ఉందని కాదు. నాకు తెలిసింది ఇంతే.

మిగతా ఫ్లాట్లలో గీజర్లు ఇంకా లోపలే మండుతున్నాయి. రెండో అంతస్తుకు నిన్న ఇంకో అమ్మాయి పురిటికొచ్చింది. బిల్డరు గారూ, వాటినెప్పుడు తీయిస్తారు? తేదీ చెప్పండి.