అంబాసిడర్‌కి ఊపిరి డబ్బా

మొన్న సాకేత్ మాల్ వెనక సందులో ఏదో పాత జనరేటర్ దగ్గుతూ కాలిన ఇంజిన్ ఆయిల్ వాసన వదిలితే, పక్కనే మోమోలు ఆవిర్లు కక్కుతున్నా నాకు మాత్రం అరిసెలు గుర్తొచ్చాయి. మా చిన్నప్పటి క్రిస్మస్‌కి బెల్లం పాకం, గులాబీ పూలు వేగే నూనె, మా అంబాసిడర్ పొగ మూడూ కలిసిన వాసన ఉండేది.

గవర్నమెంటు గుమాస్తా అయిన నాన్న ఆఫీసు వేలంలో కొన్న కారది. డిసెంబరు పొగమంచులో, వెనక సీటు నిండా చర్చి ఆంటీలు, వాళ్ళ ఒళ్ళో పిల్లలం, మా ఒళ్ళో కజ్జికాయల డబ్బాలు పెట్టుకుని, కేరల్స్ పాడటానికి గ్రేటర్ నోయిడా దాకా వెళ్ళేవాళ్ళం. చదువు నన్ను తొమ్మిదో క్లాసు స్టాపులో దింపేసి పోయింది గానీ, ఆ కారు ఎప్పుడూ దారిలో దింపలేదు.

ఒక ఏడాది కారులోకి పొగ రావడం మొదలైంది. పట్టుచీరలకు ఆయిల్ కంపు పడుతోందని ఆంటీలు గొణిగితే, నాన్న బానెట్ ఎత్తి, సైలెన్సర్ కాకుండా ఇంజిన్ పైన లోపలి పొగ వదిలే చిన్న గొట్టం నోట్లో పాత బనీను గుడ్డ కుక్కేసి, పీడ వదిలిందని మురిసిపోయాడు. వారం తిరక్కముందే ఆయిల్ కొలిచే పుల్ల దానంతటదే పైకెగిరింది, సందున్న ప్రతిచోటా ఆయిల్ కారింది. మెకానిక్ భయ్యా వచ్చి, ఇంజిన్ నడుస్తుండగానే ఆయిల్ పోసే మూత తీసి, అదే రంధ్రం మీద తిరగేసి పెట్టాడు. ఆ మూత టకటకలాడుతూ గంతులేస్తుంటే నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఇనుప పెట్టెలో ఎవరో ఉన్నారు, రొప్పుతున్నారు.

"రింగ్ ఖతమ్, సాబ్. కబాడీకో దే దో."

పిస్టన్ రింగులు అరిగి, మంట గాలి కిందికి దిగి లోపల నిండిపోతోందట, తుక్కువాడికి ఇచ్చేయమన్నాడు. నాన్న తలూపాడు. కారు తుక్కుకి పోతే మా కేరల్స్ కూడా దాంతోపాటే పోతాయి. అప్పుడే ఆసుపత్రి డ్యూటీ దిగివచ్చిన అమ్మ బానెట్‌లోకి తొంగి చూసింది. అమ్మ నర్సు.

"ఈ గొట్టం మూసిందెవరండీ?"

"కంపొత్తందన్నారుగా మీ ఆడోళ్ళు."

"బాగుంది. ఛాతీలో గాలి చేరినోడికి గొట్టమేసి, దాన్నోట్లో గుడ్డ కుక్కుతామా? చచ్చూరుకుంటాడు."

"అయితే నీ పేషెంటుని నువ్వే చూసుకో, సిస్టరమ్మా."

అమ్మ చూసుకుంది. గుడ్డ పీకి, భయ్యా చేత పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, దాని చివర ఖాళీ ఆవకాయ డబ్బా పెట్టించింది. మూతకు రెండు బెజ్జాలు: ఒకటి ఇంజిన్ నుంచి వచ్చే గాలికి, రెండోది ఆ గాలి కారు కిందికి వెళ్ళిపోవడానికి. వాళ్ళ వార్డులో మంచాల పక్కన ఉండే సీసాలు అచ్చం అలాగే ఉంటాయట.

నాన్న తాళం తిప్పాడు. పుల్ల కదల్లేదు. డబ్బా లోపల ఆయిల్ చెమటలా పట్టి, మెల్లగా చుక్కలై జారింది.

"రింగ్ నయా నహీఁ హువా, దీదీ," అన్నాడు భయ్యా, "పర్ చలేగీ." రింగులు అరిగినవే, అయినా బండి నడుస్తుందట.

చర్చిలో కూడా నోరు మూయని నేను, ఆ డబ్బా ముందు కొయ్యబారినట్టు కూర్చుని చాలాసేపు చూశాను. ఆ క్రిస్మస్‌కి వెళ్ళాం, ఆ తర్వాతా వెళ్ళాం.

సర్కారు పెట్టిన వయసు దాటిందని చివరికి కారు కబాడీకే పోయింది. ఆంటీలు రిటైరై ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఇప్పుడు నేను నడిపేది బ్యాటరీ టాక్సీ: పొగ లేదు, వాసన లేదు, చప్పుడూ లేదు. మొదటిరోజు అమ్మను ఎక్కించుకుంటే, చెవి రిక్కించి చాలాసేపు విన్నది.

"ఇది ఊపిరి ఎటునుంచి వదులుద్దిరా?"

"ఇది ఊపిరే తీయదమ్మా."

అమ్మ తన పక్క అద్దం కొంచెం దింపుకుంది.