ఖాళీ సీటు చుట్టూ పచ్చ గీత

నవ్వుకుంటే నవ్వుకోండి... మా అమ్మ మీద ఒట్టు, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు.

నేను వేలూరులో ఇంజనీరింగ్ పరిశోధన చేస్తున్నాను. ఉగ్రవాదులు జనం మధ్య వదిలిపోయే బాంబు సంచులను కెమెరాతో పసిగట్టే ప్రోగ్రాం రాయడం నా పని. సంచీ పక్కన దాని మనిషి ఉంటే రెంటి చుట్టూ పచ్చ గీత. వదిలేసి వెళ్లిపోతే సంచీ చుట్టూ ఎర్ర గీత. అంతే.

ఆ రాత్రి గుడియాత్తం బస్సులో పరీక్షించాను. డిపోలోనే ఎక్కి కూర్చున్నాను. కెమెరాను బస్సు ముందు వైపు కమ్మీకి కట్టాను, లాప్‌టాప్ నా ఒళ్లో. బస్టాండులో బస్సు ఇంకా ఆగనే లేదు... మనవాళ్లు కిటికీల్లోంచి తువ్వాళ్లు, సంచులు విసిరి సీట్లు పట్టేశారు. తెర నిండా ఎరుపే! ఇది నేను లెక్కలో వేసుకోలేదు.

"ఏం తంబీ, మా బస్సంతా బాంబులేనా?" అని కండక్టరు పగలబడి నవ్వాడు.

మనుషులు ఎక్కి కూర్చునేకొద్దీ ఎరుపు పచ్చగా మారింది. చివరికి వెనక కిటికీ దగ్గర ఒక పసుపు సంచీ మిగిలింది. సీటు ఖాళీ. నిలబడినవాళ్లు కూడా అందులో కూర్చోలేదు. ఎవరో సంచీ వేసుకున్న సీటు కదా. కానీ తెర మీద... సంచీ చుట్టూ పచ్చ గీత. పక్కన మనిషంత ఎత్తున ఇంకో పచ్చ గీత. ఖాళీ సీటులో.

కెమెరా తుడిచాను. పచ్చే.

కాట్పాడి దాటాం. లత్తేరి దగ్గర పడింది. లేచి ఆ సీటు దగ్గరికి వెళ్లాను. అప్పుడు వినపడింది... టక్... టక్... సంచీలోంచే.

ప్రోగ్రాంను నమ్మాలా, నా కళ్లను నమ్మాలా? తప్పు చేస్తే బస్సెడు ప్రాణాలు.

"అన్నా, బస్సు నిలపండి! ఆ సంచీకి మనిషి లేడు. ఎవురూ ముట్టుకోవద్దండి!"

అందరినీ దించి దూరంగా నిలబెట్టాం. కండక్టరు పోలీసులకు ఫోను చేశాడు. కెమెరా బస్సులోనే ఉండి వైర్లు లేకుండానే బొమ్మ పంపుతోంది. నేను లాప్‌టాప్ చూస్తున్నాను. మనిషంత పచ్చ గీత... లేచింది. సీట్ల మధ్య... మెల్లగా... ముందుకు వచ్చింది. మెట్ల దగ్గర మాయమైంది.

టక్... టక్... ఇప్పుడు రోడ్డు మీద. మా వైపే.

నా పక్కనున్న పూలమ్మే అవ్వ తన గంపను పక్కకు లాక్కుంది.

"ఎందుకవ్వా?"

"ఎవురో పోతా ఉండారు కదప్పా, దావ ఇడవొద్దా?"

చప్పుడు మమ్మల్ని దాటి చీకట్లో కలిసిపోయింది.

పోలీసులు వచ్చి బస్సంతా వెతికారు. సంచీ లేదు!

"నీ బాంబు స్టాపింగు చూసుకొని దిగేసినట్టుండాది తంబీ!" అన్నాడు కండక్టరు. గుడియాత్తం దాకా బస్సంతా నవ్వులే. నేనూ నవ్వాను... కొంచెం ఆలస్యంగా.

దిగేటప్పుడు అవ్వను అడిగాను. "ఆ పోయినోళ్లు ఎట్లుండారవ్వా?"

"నాకు కండ్లు యాడ కనపడతాయి నాయనా!" అని బోసినోటితో నవ్వింది.

ఆ సీటును ప్రోగ్రాం చేసిన తప్పుల్లో వేయాలా, ఒప్పుల్లో వేయాలా అని నా పరిశోధన చూసే సార్ ఇప్పటికీ అడుగుతున్నారు. కోడ్ అంతా గాలించాను. ఏమని చెప్పను...