హెడ్‌మాస్టరమ్మ ఎర్రకన్ను

మా ఆసుపత్రిలో కళ్లు పరీక్షించి కళ్లద్దాలకూ, కాంటాక్ట్ లెన్సులకూ చీటీలు రాసేది నేనే. పంతొమ్మిదేళ్ల సర్వీసు. చాటున నన్ను హెడ్‌మాస్టరమ్మ అంటారని తెలుసు. పాత చీటీ పట్టుకొచ్చి "ఇదే నంబరుకి లెన్సులిచ్చేయండి" అన్నవాళ్ల పప్పులు నా దగ్గర ఉడికేవి కావు. "కళ్లద్దాల చీటీ వేరు, లెన్సుల చీటీ వేరు. నల్లగుడ్డు వంపు కొలవాలి. ఏడాది దాటితే అది చిత్తుకాగితం" అని క్లాసు పీకేదాన్ని.

ఇక నా భాగోతం. నా లెన్సుల చీటీకి నాలుగేళ్లు. రాసిందీ నేనే, మార్చనిదీ నేనే. నెల వాడి పారేయాల్సిన జతను రెండు నెలలు లాగించేదాన్ని. కునుకు తీసేటప్పుడూ కంట్లోంచి తీసేదాన్ని కాదు. నా కళ్ల సంగతి నాకంటే ఎవరికి తెలుసని ధీమా.

ఒక సోమవారం ఎడమ కన్ను చింతనిప్పయింది. వెలుతురు చూస్తే సూదులు గుచ్చినట్టుంది.

"మీ ఆసుపత్రికే వెళ్లొచ్చుగా?" అన్నారు మా ఆయన.

వెళితే నా పరువేం కాను? నల్లకళ్లజోడు పెట్టుకుని, రెండు బస్సులు మారి, ఊరి ఆ చివరనున్న చిన్న క్లినిక్‌కు వెళ్లాను. కాగితంలో వృత్తి దగ్గర 'గృహిణి' అని రాశాను.

పరీక్ష చేసే అమ్మాయి మాస్కులో ఉంది. కూర్చోమంది. నేను అలవాటు కొద్దీ కుర్చీ ఎత్తు సరిచేసుకుని, గడ్డం ఆనించే చోట కొత్త కాగితం వేసుకుని, ఆమె చెప్పకముందే నుదురు ఆనించాను.

ఆ అమ్మాయి మాస్కు కిందికి లాగింది. "మేడమ్, మీరా?"

అయిదేళ్ల కిందట నా దగ్గర పని నేర్చుకున్న పిల్ల. లెన్సులతో నిద్రపోతారా అని పేషెంటును అడగడం మరిచిపోయిందని అందరి ముందూ దులిపేశాను.

"లెన్సులతో నిద్రపోతారా?" అని అడిగింది.

"అప్పుడప్పుడూ... ఓ కునుకు."

"చీటీ ఎప్పటిది?"

"నాలుగేళ్లయింది."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. దాంతో ఇంకా చిన్నబోయాను. కంట్లో రంగుమందు వేసి, నీలి వెలుగులో చాలాసేపు చూసింది.

"నల్లగుడ్డు అంచున పుండు మొదలైంది మేడమ్. పక్కగదిలో డాక్టరుగారున్నారు, ఇప్పుడే చూపిద్దాం. ఇంకో రెండ్రోజులు ఆగితే చూపుకే ఎసరొచ్చేది."

గంటగంటకూ చుక్కలు. నెల రోజులు సీసా అడుగులాంటి కళ్లద్దాలతో ఉద్యోగం. ఎవరడిగినా 'దుమ్ము పడింది' అన్నాను. అదీ నా నిజాయితీ.

కన్ను నయమయ్యాక మళ్లీ ఆ పిల్ల దగ్గరే కొలతలు తీయించుకున్నాను. రెండు కళ్ల నంబర్లూ మారాయి. కొత్త చీటీ, కొత్త లెన్సులూ అందుకుంటూ, "ఆ రోజు నిన్ను అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాను.

"మీరు తిట్టబట్టే ఆ ప్రశ్న మరిచిపోవట్లేదు మేడమ్" అని, "అయినా పక్కకు పిలిచి తిడితే బాగుండేది" అంది.

తలూపి, చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నాను. తనే వచ్చి బస్సెక్కించింది. బస్సు కదులుతుంటే కిటికీ దగ్గరికొచ్చి, "కుడి లెన్సూ ఎడమ లెన్సూ తారుమారు చేసుకోకండి మేడమ్!" అని కేకేసింది.

బస్సంతా నావైపు తిరిగింది.