నల్లచుక్కల్లో తెల్లమీసం

"కాకా, నీ మీసం దొరికింది. ఫ్రిజ్ తెరిచి జూడు, నేనొస్త" అని మొన్న పొద్దున గడప దాటిన మనిషి, జెబెల్ అలీలోని గోదాము చేరకముందే కంపెనీ బస్సులో పోయాడట. గుండె ఆగిందని ఫోన్ చేసి చెప్పారు. నేనింకా చాయ్ గ్లాసు కింద పెట్టలేదు. ఫ్రిజ్ తెరవనూ లేదు.

ఈ ఎడారి దేశంలో, రోలాలోని మా ఫ్లాట్‌లో నాది కింది మంచం, అతనిది పై మంచం. ఇప్పటికీ అది కిర్రుమంటుందేమోనని పడుకునేటప్పుడు తల పక్కకు జరుపుకుంటున్నాను.

మా అందరికీ ఒకటే ఫ్రిజ్. ఒకడు వండిన కూర ఇంకొకడు తిని "నాదే అనుకున్నా" అనేవాడు. ఆ మాట మీద దేశాలే కొట్టుకున్నాయి, మేమెంత! డబ్బాల మీద పేర్లు రాస్తే తడికి చెరిగిపోయేవి. పై మంచం తమ్ముడిది గోదాములో లేబుళ్లు కొట్టే పని. అక్కడ పక్కన పడేసిన పాత ప్రింటర్‌ను అడిగి తెచ్చాడు. పేర్లు కాదు, మా మొహాలే అంటిస్తానన్నాడు.

ఆ యంత్రానికి నలుపొక్కటే తెలుసు, బూడిద రంగు తెలియదు. మిగతావాళ్లు ఎలాగో గుర్తుపట్టేలా వచ్చారు. నా బట్టతల, తెల్లమీసం మాత్రం కాగితంలో కలిసిపోయి కళ్లజోడొకటి మిగిలింది.

"ఎవర్రా ఈ కోడిగుడ్డు?"

"నువ్వే కాకా. అప్పుడే ఖలాస్ అనకు, జర ఆగు."

ఇక సెలవొస్తే చాలు, నెట్‌లో వెతుకులాటే. చుక్కలను ఒత్తుగా, పలచగా చల్లి బూడిద రంగుందని కంటిని నమ్మించే లెక్కలున్నాయట. డిథరింగ్ అంటారట. ఒక లెక్కతో నా మొహం చాపలా అల్లుకుపోయింది. ఇంకోదానితో అమ్మవారు పోసినట్టయింది. పొట్లాం కాగితాలు చదివి పండితుణ్ణయిన నేను పక్కన కూర్చుని తీర్పులు చెప్పేవాణ్ణి. చివరికొకటి పట్టాడు.

"బూడిద ఉన్నకాడ నలుపో తెలుపో పెట్టాలె గదా, ఎట్లజేసినా ఎంతో కొంత తప్పు మిగుల్తది. దాన్ని పారెయ్యొద్దట కాకా. పక్క చుక్కలకు తలా ఇంత పంచాలెనట."

"కూర పంచుకోవడం రాని కొంపలో తప్పులు పంచుతావా?" అన్నాను. మంచం ఊగేలా నవ్వాడు.

అతను పోయిన రోజంతా ఎవరమూ ఫ్రిజ్ జోలికి పోలేదు. మర్నాడు పాల కోసం తెరిచాను. పెరుగు డబ్బా మీద నేను! చెంపల నిండా సన్నటి చుక్కలు. ముక్కు కింద ఒక్కటీ లేదు. ఇన్నాళ్లూ మీసం గీస్తాడనుకున్నాను. చుట్టూ చుక్కలు పోసి మీసాన్ని కాగితం తెలుపుకే వదిలేశాడు.

పక్కనే అతని పప్పుచారు డబ్బా. మూత మీద అతను, పళ్లన్నీ కనబడేలా. మా ఫ్లాట్‌లో ఒకరి డబ్బాను ఎవరూ ముట్టుకోకపోవడం ఇదే మొదలు. పాలకని తెరుస్తాం, లైటు వెలుగుతుంది, అతను నవ్వుతూ ఉంటాడు. మెల్లగా తలుపు మూసేస్తాం.